విశ్వనాథంగారి ఇంగ్లీషు

"మై హస్బెండ్... షీ ఈజ్ ఫార్మర్," అంది సుబ్బులు.

వెనక టేబుల్ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కవాళ్ళూ అందుకున్నారు. సుబ్బులు చేతిలోని కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, తలుపు వైపు నడిచింది.

"ఆంటీ, ప్లీజ్, వెళ్ళకండి. అందరం నేర్చుకోవడానికే కదా కూర్చుంది," అంటూ రాగిణి వెనకే వెళ్ళింది.

"వద్దులేమ్మా. అరవై ఏళ్ళొచ్చాక నాకెందుకీ నవ్వులపాటు? మా అమ్మాయికి ఫోన్ చేసి తీసుకెళ్ళమంటా."

అమెరికాలోని కమ్మింగ్‌లో రాగిణి టీ షాపు పెట్టి రెండేళ్ళయింది. ఆదివారాలు పిల్లలకి చదరంగం, నెలకోసారి మగ్గం వర్కు క్లాసు, దసరాకి బొమ్మల కొలువు. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల కోసం శనివారం ఉదయం స్పోకెన్ ఇంగ్లీషు కూడా పెట్టాలని ఎన్నాళ్ళుగానో అనుకుంది. ఇవాళే మొదటి క్లాసు. అప్పుడే ఒకరు వెళ్ళిపోతుంటే ఆమెకి ఏం చెయ్యాలో తోచలేదు.

కిటికీ పక్కన ఒక్కడే టీ తాగుతున్న పెద్దాయన లేచాడు.

"అమ్మా, నేనూ చేరొచ్చా?"

"తప్పకుండా అంకుల్. మీ గురించి రెండు ముక్కలు ఇంగ్లీషులో చెప్పండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మై నేమ్ ఈజ్ విశ్వనాథం. మై వైఫ్, హీ ఈజ్ గుడ్ కుకింగ్. సో, ఐ యామ్ డైలీ టూ మచ్ ఈటింగ్."

షాపంతా ఘొల్లుమంది. ఆయన పొట్ట నిమురుకుంటూ అందరికంటే గట్టిగా నవ్వాడు. తలుపు దగ్గరున్న సుబ్బులుకీ నవ్వాగలేదు. ఫోన్ బ్యాగులో పడేసి, వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది.

"ఇదివరకు ఇంగ్లీషు నేర్చుకున్నారా అంకుల్?" అనడిగింది రాగిణి.

"ఊహ తెలిసినప్పట్నుంచీ దాంతోనే కుస్తీ పడుతున్నానమ్మా!"

ఆ తర్వాత ఆయన ఒక్క శనివారం కూడా మానలేదు. ఏ ప్రశ్నకైనా ముందు చెయ్యెత్తేది ఆయనే, తప్పు చెప్పేదీ ఆయనే. డాక్టరు దగ్గర ఎలా మాట్లాడాలో నేర్పిన రోజు, పొట్ట పట్టుకుని, "డాక్టర్, మై స్టమక్ ఈజ్ పెయినింగ్ సిన్స్ టుమారో" అన్నాడు.

"టుమారో కాదండీ అన్నయ్యగారూ, ఎస్టర్‌డే!" సుబ్బులు ఉండబట్టలేక అరిచింది.

ఆ రోజు నుంచి ఆయన తప్పులు దిద్దడం ఆమె పనైపోయింది. దిద్దడం కోసమైనా ఇంటి దగ్గర పాఠం చదువుకుని వచ్చేది.

అయిదో వారం రాగిణి, ఆపదలో ఫోన్ చేసే 911 నంబరు ఆపరేటర్‌గా నటించింది. "వాట్ ఈజ్ యువర్ అడ్రస్, సర్?"

"మై హౌస్ ఈజ్ బిసైడ్ ఆఫ్ మై నైబర్ హౌస్," అన్నాడు విశ్వనాథం ధీమాగా.

"అలా చెబితే వాళ్ళెలా వస్తారండీ? ఇటివ్వండి," అని సుబ్బులు ఆయన చేతిలో ఫోన్ లాక్కుంది. ఇంటి నంబరు, వీధి పేరు, ఊరు, జిప్ కోడ్ గడగడా చెప్పేసింది. చెప్పాక తనే ఆశ్చర్యపోయింది.

ఆపై శనివారం ఆమె ఆలస్యంగా వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏమైంది ఆంటీ?"

"బుధవారం అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకెళ్ళారు. నేనూ మనవడూ ఉన్నాం. వాడికి వేరుశెనగ పడదు. ఎవరో ఇచ్చిన కుకీ వాడి బ్యాగులో ఉంటే నోట్లో వేసుకున్నాడు. చూస్తుండగానే పెదాలు వాచిపోయాయి, ఊపిరి అందట్లేదు... 911కి చేశాను. 'మై గ్రాండ్‌సన్, నో బ్రీతింగ్, పీనట్' అన్నా. తప్పో ఒప్పో ఎవడు చూశాడు? అడ్రస్ చెప్పా. ఆరు నిమిషాల్లో వచ్చి సూది వేశారు. నిన్న ఇంటికొచ్చాడు నా తండ్రి."

షాపంతా చప్పట్లు మోగాయి. మొదటి రోజు నవ్విన వాళ్ళే లేచి నిలబడ్డారు. సుబ్బులు మాత్రం విశ్వనాథం వైపు తిరిగి చేతులు జోడించింది.

"అన్నయ్యగారూ, ఏమనుకోకండి. అన్నేసి తప్పులు మాట్లాడుతూ కూడా మీరు సిగ్గుపడకపోవడం చూశాకే నాకు నోరు పెగిలింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఐ యామ్ వెరీ హ్యాపీనెస్, సిస్టర్," అన్నాడు.

"హ్యాపీ అనాలండీ!" అంది ఆమె, ఏడుస్తూనే నవ్వుతూ.

ఆఖరి క్లాసు నాడు పన్నెండు మందికి సర్టిఫికెట్లు సిద్ధం చేసింది రాగిణి. విశ్వనాథం మాత్రం అప్పటికే ఇండియా వెళ్ళిపోయాడు. మర్నాడు ఆయన కూతురు హాసిని షాపుకొచ్చింది.

"నాన్నది ఏదో తీసుకోవాలని మీరు మెసేజ్ పెట్టారు. శనివారాలు ఫ్రెండ్స్‌తో టీ తాగి కబుర్లు చెప్పుకుంటున్నానని అనేవారు, అంతే తెలుసు నాకు."

"కబుర్లు కాదండీ, క్లాసుకి వచ్చేవారు. ఆ వయసులో ఆ పట్టుదల చూసి నాకెంత ముచ్చటేసేదో! ఎంత నవ్వినా పట్టించుకునేవారు కాదు. ఆయన్ని చూసే మిగతావాళ్ళు నిలబడ్డారు." రాగిణి ఆయన సర్టిఫికెట్ తీసి హాసినికి ఇచ్చింది. "కానీ సారీ అండీ. అందరికీ ఎంతో కొంత వచ్చింది. ఆయనకే నేను సరిగ్గా నేర్పలేకపోయాను. హీ, షీల దగ్గర కూడా ఇంకా తడబడుతూనే ఉన్నారు."

హాసిని చేతిలోని సర్టిఫికెట్‌ని ఒకటికి రెండుసార్లు చదివింది. తలెత్తి రాగిణి వైపు చూసింది.

"మా నాన్న ఇంగ్లీషు లెక్చరరండీ."