తట్టల వరస

దివిసీమ చివరి ఊరది. ఆడవాళ్లు తమ చేపల తట్టల్ని రాత్రే బస్సు ఆగే చోట వరసగా పెట్టి వెళ్తారు. తెల్లారి బందరు వెళ్లే మొదటి బస్సులో చోటుకి అదే గుర్తు. రాత్రికి బస్సులోనే పడుకునే కండక్టరు గౌస్ తట్టల్ని లెక్కపెట్టాడు. తొమ్మిది.

"రేపు పైవాళ్లు తలలు లెక్కపెడతారు ముత్యాలమ్మక్కా. ఇరవై మంది లేకపోతే ఈ బస్సు తీసేస్తారు."

"పోయినేటి ఉప్పెనకి మిగిలింది తొమ్మిది మందిమే తమ్ముడూ. మిగతావాళ్లు కావాలంటే సముద్రం వైపు తిరిగి కేకెయ్యి."

గౌస్ నవ్వి, సరదాకి అటు తిరిగి కేకేశాడు. "బందర్, బందర్!"

ముత్యాలమ్మ నవ్వలేదు. లాంతరు తీసుకుని గబగబా వెళ్లిపోయింది.

అర్ధరాత్రి ఇసుకలో తట్ట పెట్టిన మెత్తటి చప్పుడు. కాసేపటికి ఇంకొకటి. గౌస్ దిగి టార్చి వేశాడు. ఇరవై తట్టలు. మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవయ్యే. కొత్త తట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి. వాన లేదు. అడుగుజాడలూ లేవు.

ముత్యాలమ్మ పక్క ఊరివాళ్లని రప్పించిందా? ఉన్నది ఒక్కటే రోడ్డు, దానికి అడ్డంగా బస్సే ఉంది. మరి ఎటునుంచి వచ్చారు? ఇక బస్సు తీసెయ్యరని సంతోషించాలా? ఏమీ అర్థంకాక బస్సెక్కి తలుపు వేసుకున్నాడు.

వెనక సీట్లు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి.

ముందు సీట్లో పడుకున్న డ్రైవరు సత్తయ్య నిద్రమత్తులో అడిగాడు.

"ఏం బావా, అందరూ ఎక్కారా?"

వెనక్కి తిరిగి లెక్కపెట్టాల్సింది గౌసే.