నీళ్ళ డబ్బా పరీక్ష

"ఈ బొత్తాం నొక్కితే చాలండి, పరీక్ష అక్కర్లేదు. నేరుగా పేషెంట్లని పిలిచేయొచ్చు," అని వైదేహి ఆపరేటర్ లాజరుకి చూపిస్తోంది.

"అక్కర్లేకపోతే అసలు పెట్టడం దేనికమ్మా?"

మాట గుమ్మంలోంచి వచ్చింది. వైదేహి తలెత్తింది. మళ్ళీ ఆ పెద్దావిడే. చేతిలో అరటిపళ్ళ సంచితో స్కాన్ గది దాకా వచ్చేసింది.

వైదేహిది తెనాలి. రేపల్లెలోని ఈ స్కానింగ్ సెంటర్‌లో తను రాసిన సాఫ్ట్‌వేర్ పెట్టడానికి రోజూ పొద్దున్నే రైల్లో వస్తోంది. పేషెంట్లని పిలవకముందే నీళ్ళు నింపిన గుండ్రటి డబ్బా ఒకటి సీటీ మిషనులో పెట్టి స్కాన్ తీస్తారు. నీళ్ళని మిషను నీళ్ళుగానే చూపించాలి. ఇన్నాళ్ళూ ఆ బొమ్మని లాజరు కంటితో చూసి సరే అనేవాడు. ఇకమీదట సాఫ్ట్‌వేరే కొలిచి చెబుతుంది. బాగుంటే తెర మీద పచ్చరంగు, తేడా వస్తే ఎర్రరంగు.

"ఆ బొత్తాం జనం ఎక్కువున్న రోజుకండి. డాక్టరుగారు అడిగారు."

"ఇక్కడ జనం లేని రోజెప్పుడమ్మా?"

వైదేహికి చిరాకేసింది.

"పిన్నిగారూ, లోపలికి రాకూడదు. మీ పేరు పిలుస్తారు, బయట కూర్చోండి."

ఆవిడేమీ అనుకోలేదు. రెండు చక్కెరకేళీలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

"ఎవరండీ ఈవిడ? వారంలో మూడోసారి చూడటం. స్కానంటే భయపడి వెనక్కి పోతోందా?"

"అనసూయమ్మగారు మేడమ్, కొల్లూరు..."

లాజరు ఇంకా ఏదో చెప్పబోయాడు. అంతలో ఆ రోజు డబ్బా స్కాన్ పూర్తయి తెర ఎర్రబడింది.

ఇద్దరూ వంగి చూశారు.

"బొమ్మ శుభ్రంగానే ఉంది మేడమ్. మీ సాఫ్ట్‌వేరే తప్పు చెబుతోందేమో."

వైదేహి అనుమానం కూడా అదే. డబ్బా సర్ది మళ్ళీ తీయించింది. మళ్ళీ ఎరుపే.

సెంటర్ నడిపే డాక్టర్ విజయసారథి హడావిడిగా వచ్చాడు.

"హాలు నిండిపోయిందమ్మా. ఆ బొత్తాం నొక్కేయ్, మధ్యాహ్నం తీరిగ్గా చూసుకుందాం."

నొక్కితే పని నడిచిపోతుంది. నొక్కకుండా అందర్నీ ఆపాక తప్పు తనదే అని తేలితే, ఇక ఈ సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు.

వైదేహి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"ఒక్క గంట ఆగండి సార్. కంపెనీ ఇంజినీరుతో మాట్లాడతాను."

హాల్లో గోల మొదలైంది.

"నిజాంపట్నం నుంచి చేపల వేట మానుకుని వచ్చాం! ఎంతసేపు కూర్చోవాలి?"

అనసూయమ్మ లేచి నిలబడింది.

"ముందు పిలవాల్సింది మమ్మల్నే నాయనా. మేమే ఆగుతున్నాం. మిషనుకే ఒంట్లో బాగోకపోతే మన ఒంట్లో సంగతి అదేం చెబుతుంది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది. ఆవిడ సంచి విప్పి అందరికీ తలో పండు ఇచ్చింది. కాసేపటికి ఎవరి ఊళ్ళో ఎవరికి ఎవరు చుట్టమో తేల్చే పనిలో పడ్డారంతా.

లోపల ఫోన్లో ఇంజినీరు అన్నాడు. "మీ సాఫ్ట్‌వేర్ చెప్పిందే నిజమండి. మిషను కొలత పక్కకి జరిగింది. ఇంత తేడా కంటికి ఆనదు."

ఆయన చెబుతుంటే లాజరు మిషనుని సరిచేశాడు. డబ్బా మళ్ళీ పెట్టారు.

పచ్చరంగు వెలిగింది.

వైదేహికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

సాయంత్రానికి అందరి స్కాన్లూ అయిపోయాయి. డాక్టరుగారు స్వయంగా కాఫీ తెచ్చిచ్చారు.

"ఆ బొత్తాం తీసెయ్యమ్మా. బాపట్లలో మా తమ్ముడి సెంటర్‌కి కూడా నువ్వే రావాలి."

బొత్తాం తీసేసి, వైదేహి హాల్లోకి పరుగెత్తింది. పొద్దున్న కసిరినందుకు ఆవిడ చేతులు పట్టుకుని రెండు మాటలు చెప్పాలి.

హాలు ఖాళీగా ఉంది.

"కొల్లూరు బస్సు ఇందాకే వెళ్ళిపోయింది మేడమ్," అన్నాడు లాజరు.

"అయ్యో! పోనీ, ఆవిడ స్కాన్ బాగానే వచ్చిందా?"

"ఆవిడకి స్కానేంటండి! భయపడే ఊరివాళ్ళకి తోడుగా వస్తారు. ఈవేళ పక్కింటావిడని తీసుకొచ్చారు."

"మరి ఆ బొత్తాం గురించి అంత పట్టింపేంటి ఆవిడకి?"

"మధ్యాహ్నం మీకు చెబుతానంటే నన్ను వారించారు మేడమ్. 'పిల్ల ఇష్టంగా పని చేసుకుంటోంది, దాని మనసు పాడు చెయ్యకు' అన్నారు."

లాజరు గొంతు తగ్గించాడు.

"ఎప్పుడో ఇంకో ఊళ్ళో, ఇలాగే కొలత తప్పిన మిషను లేని గడ్డని చూపిస్తే, బాగున్న కిడ్నీ తీయించుకుని ఇంటికొచ్చిన మనిషి ఆవిడ."