నలభై మూడుసార్లు

భార్య ఆదెమ్మ పెదాలు కదిలాయి. శ్రీశైలానికి ఒక్క ముక్క వినపడలేదు.

"ఏందే? గట్టిగ చెప్పు!"

ఆమె మళ్లీ చెప్పింది. మళ్లీ అంతే. చివరికి కంచం చూపించింది. అన్నానికి పిలుస్తోందన్నమాట.

రెండు నెలలుగా ఇదే వరస. శ్రీశైలం మణుగూరు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. వెనక నుంచి మనిషి అరిస్తే వినపడకపోతే? ఆ భయంతో, తనను పనికి అన్‌ఫిట్ చెయ్యమని దరఖాస్తు పెట్టాడు. డాక్టరు పరీక్షించి, చెవులు బాగానే ఉన్నాయన్నాడు.

"బయట ఇనపడ్తది సార్. ఇంటికి పోతే ఇనపడదు."

గనిలో ఒకటే నవ్వు. "ఇంట్లనే చెవుడా? గా చెవుడు మాక్కూడ ఇప్పియ్యరాదే! పట్నంల ఉన్న నీ కొడుకు వాసుగానికి నీ నౌకరి ఇప్పియ్యనీకి ఏం యాక్టింగ్ రా!"

నాటకమని తేలితే సస్పెండే.

నాటకమన్న మాట ఆదెమ్మకు కొత్త కాదు. తొమ్మిదేళ్ల కింద, దోస్తుల ముందు ఎదురు మాట్లాడిందని శ్రీశైలం కొట్టిన దెబ్బకు ఆమె ఎడమ చెవి పోయింది. పంచాయితీలో ఆయన అన్నదొకటే. "చెవీ పోలే, గివీ పోలే. అంత నాటకం." పెద్దమనుషులు నమ్మారు.

సంగతి తేల్చమని గని డాక్టరు రాస్తే ఖమ్మం నుంచి సాహిత్య వచ్చింది. రోజువారీ పనుల్లో ఎవరికి ఎంత వినపడుతోందన్నది ఆ అమ్మాయి చదువు. శ్రీశైలం చెవి వెనక చిన్న మిషన్ పెట్టింది. అది మాటల్ని దాచుకోదు. చుట్టూ ఎంత చప్పుడుందో గీత గీస్తుంది, అంతే. ఎవరైనా తనతో మాట్లాడినప్పుడల్లా, వినపడిందో లేదో ఆయన ఫోన్లో నొక్కాలి.

"నాది నాటకం కాదని నీ కాగితమే చెప్పాలె బిడ్డా."

ఏడో రోజు సాహిత్య గీతలు చూసింది. చాయ్ హోటల్లో 'వినపడింది'. గని గేటు దగ్గర 'వినపడింది'. ఇంట్లో నలభై మూడుసార్లు 'వినపడలేదు'. ఆ నలభై మూడుచోట్లా గీత పైకి లేవనే లేదు.

"అంకుల్, ఎవరూ మాట్లాడకుండానే నొక్కారు కదా?"

"లేదు బిడ్డా! ఆమె మాట్లాడినప్పుడే నొక్కిన. వాసుగాని మీద ఒట్టు!"

సాహిత్య వీధి చివర బోరింగు దగ్గరికి వెళ్లి ఆదెమ్మను అడిగింది.

"ఎప్పుడు నొక్కిండో నాకేం ఎరుక బిడ్డా!" ఒక చెవి వినపడని మనిషి కదా, గట్టిగా అరిచినట్టే చెప్పింది ఆదెమ్మ. "పెద్ద సార్లే నాటకమన్నరు గద." బిందె చంకనెత్తుకుని ఇంటికి నడిచింది.

సాహిత్య కాగితం మీద 'నమ్మదగినది కాదు' అని రాసి సంతకం పెట్టింది.

బస్సు ఎక్కబోతుంటే ఛార్జర్ గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి గుమ్మంలో ఆగింది. లోపల శ్రీశైలం తల పట్టుకుని కూర్చున్నాడు. ఆదెమ్మ ఆయన ముందు నిలబడి ఏదో చెబుతోంది.

ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి, మూడడుగుల దూరంలో ఉన్న సాహిత్యకు కూడా ఒక్క ముక్క వినపడలేదు.