రాని పిల్లకు వచ్చిన మాట

"నిజం చెప్పు. దేంట్ల చూసి రాసినవ్?"

మధులిక మేడం స్లిప్ టెస్టు కాగితాన్ని భవ్యశ్రీ ముందు ఆడించింది. పదో తరగతి మొత్తం తల దించుకుంది.

"చూసి రాయలే మేడం."

మేడంకు ఒళ్లు మండింది. ఆసిఫాబాద్ నుంచి బదిలీ మీద ఈ బడికి వచ్చి నాలుగు రోజులే అయింది. క్రియ ఇస్తే నామవాచకం, విశేషణం రాయమని తొమ్మిది ఇంగ్లీషు మాటలిచ్చింది. పదోది ఎవరికి నచ్చిన మాట వాళ్లనే రాయమంది. భవ్యశ్రీ తొమ్మిదీ తప్పు రాసింది. 'డిసైడ్'కు 'డిసైడేషన్' అట, 'సక్సీడ్'కు 'సక్సీడ్‌మెంట్' అట! పదో వరుసలో మాత్రం రిపాట్రియేట్, రిపాట్రియేషన్, రిపాట్రియేటెడ్. ఒక్క అక్షరం తప్పు పోలేదు. క్లాస్ ఫస్టు వచ్చే ప్రజ్ఞ కూడా అక్కడ 'ప్లే' అనే రాసుకుంది.

"సెల్లు తెచ్చినవా?"

"లేదు మేడం."

సంచి వెతికితే పుస్తకాలు, సద్ది డబ్బా తప్ప ఏమీ దొరకలేదు.

"అయితే బోర్డు మీద రాయి."

భవ్యశ్రీ చాక్‌పీసు తీసుకుని, ఎక్కడా ఆగకుండా మూడు మాటలూ రాసింది.

"అర్థం?"

"దేశం కాని దేశంల ఉన్నోళ్లను సొంతూరికి పంపుడు మేడం."

"ఎవరు నేర్పిచ్చిన్రు?"

"ఎవరు నేర్పలే. నలభై రోజులసంది ఎంబసీకి నేనే మెయిల్ పెడుతున్న. మా ఇంట్ల ఇంగ్లీషు చదివేటిదాన్ని నేనొక్కదాన్నే."

మేడం కోపం చప్పున దిగిపోయింది. వీసా చిక్కుల్లో పడి గల్ఫ్‌లో ఆగిపోయినవాళ్లు ఆమె చుట్టాల్లోనూ ఉన్నారు.

"బాపు దుబాయ్‌ల ఉంటడా?" తండ్రి సంగతి అడిగింది మేడం.

"మస్కట్ల, మేడం."

"మరి పంపుతమన్నరా?"

"ఇయ్యాల పొద్దుగూకినంక శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వస్తుండు. మధ్యాహ్నం పోతమని సెలవు అడగనీకే బడికొచ్చిన."

"అరె! ఈ సంగతి ముందే చెప్పొద్దా బిడ్డా?" మేడం ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. కాగితం మీది సున్నా కొట్టేసి, పక్కన పదికి పది వేసింది. కాపీ కొట్టిందని నింద వేసినందుకు మనసు చివుక్కుమంది. ఎలాగైనా ఆ పిల్లను నవ్వించాలనుకుంది.

"చూసిన్రా? ఒక్క మాట సక్కగ నేర్చుకున్నది, బాపును ఇంటికి తెచ్చుకుంటున్నది. అందరు చప్పట్లు కొట్టుండ్రి!"

ఒక్క చెయ్యీ లేవలేదు. ముందు బెంచీలో ప్రజ్ఞ చున్నీతో మొహం కప్పుకుంది.

"ఏమైందే మీకు? వాళ్ల బాపు వస్తుంటే సంతోషం లేదా?"

భవ్యశ్రీ బోర్డు వైపు తిరిగి, నెమ్మదిగా అంది.

"పెట్టెల వస్తుండు మేడం."