ఇరవై నిమిషాలే

"తలంబ్రాల కాడ గూడ పూలు రాలేటట్టు పెట్టు బిడ్డా," అంది బాలమణి.

పెళ్లి వీడియో ఎడిటర్ యాదగిరి మౌస్ కదిపాడు.

"ఇగ చాలమ్మా! సాయంత్రం ఐదింటికి బొంబాయి బండి," అంది మంజుల. లింగంపల్లి స్టేషన్లో ఆమె భర్త సామాను పెట్టుకుని కూర్చున్నాడు. పెళ్లి క్యాసెట్ చేతికి రానిదే కూతుర్ని పంపనని తల్లి పట్టుబట్టింది.

"ఇవన్నీ క్యాసెట్ల కలిసేసరికి తెల్లారుతది గద?" బాలమణి అడిగింది. "పోయినేడు మా పెద్దదాని క్యాసెట్‌కు రాత్రంత పట్టింది. బండి తప్పింది. పాపం, ఇంకొక్క దినం ఉండి పోయింది."

"అది పాత సాఫ్ట్‌వేర్ పెద్దమ్మా. హైటెక్ సిటీల నా దోస్తు కొత్త వెర్షన్ తెచ్చిండు. ఎన్ని పూలు పెట్టినా ఇరవై నిమిషాలే. ఫికర్ చేయకు."

బాలమణి ముఖం పాలిపోయింది.

"పాతది లేదా బిడ్డా నీ కాడ?"

యాదగిరి నవ్వాడు. మంజుల నవ్వలేదు. పొద్దటి నుంచి అమ్మ పెట్టించిన పూలు, దీపాలు, హంసలు ఎందుకో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"బండి తప్పాలని చూసినవా అమ్మా?"

బాలమణి కొంగు సర్దుకుంది. తెర మీద అప్పగింతలు ఆగి ఉన్నాయి. పాలలో ముంచిన మంజుల చేతిని తల్లి ఇంకా వదల్లేదు.

మంజుల గడియారం చూసింది. నాలుగు కావస్తోంది.

"అన్నా, గీ అప్పగింతలు జర మెల్లగ నడిపియ్యి."

"స్లో మోషనా? ఇంకో పది నిమిషాలు పడతది చెల్లె."

"పట్టనియ్యి," అంది మంజుల, స్టూలు తల్లి పక్కకు జరుపుకుంటూ.