స్టెనో పోస్టు ఖాళీ

దాలమ్మ పొద్దున్నే ముస్తాబైపోయి మొదటి బస్సెక్కేస్తాదట. దీపాలెట్టాక గానీ దిగదట. టౌన్లో ఎవుడో తగులుకునే ఉంటాడట.

పొరుగింటి జగ్గమ్మ చేపలు తోముతూ చెప్పిన మాటలివి. తనకూ దాలమ్మకూ మాటల్లేవని కూడా చెప్పింది. సమన్లు పట్టుకెళ్లిన గ్రామ సచివాలయం ఉద్యోగి అన్నీ పొల్లుపోకుండా కవరు వెనక రాసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టి తిప్పి పంపాడు. "ఇంటికి తాళం. సాక్షి ప్రవర్తన సందేహాస్పదం" అన్న ఆఖరి ముక్క మాత్రం అతని సొంతం.

కవరు చదివి గిరిబాబు తల పట్టుకున్నాడు. తిరిగి రావడం ఇది మూడోసారి. కమిషన్ గడువు ఈ సాయంత్రం ఐదింటితో సరి.

రెండేళ్ల కిందట రేవులో కొత్త జెట్టీ కూలి ఏడుగురు సముద్రంలో కలిసిపోయారు. అందులో దాలమ్మ మొగుడొకడు. కూలడానికి నాలుగు రోజుల ముందు జెట్టీ పగిలితే, పైపైన సిమెంటు పూయించేశారు. ఆ సిమెంటు తట్టలు మోసిన కూలీల్లో బతికి బట్టకట్టింది దాలమ్మ ఒక్కతే. పూయమన్నది ఎవరో ఆమె నోటి నుంచే రావాలి. రాకపోతే నివేదికలో మిగిలేది ఒకటే మాట: అలల తాకిడి.

విచారణకని ప్రభుత్వం కమిషన్ వేసింది. రిటైరైన జడ్జిగారు ఛైర్మన్. డిప్యుటేషన్ మీద వచ్చిన గిరిబాబు కార్యదర్శి. వాళ్లిద్దరికంటే ముందు నిబంధనల పుస్తకం వచ్చింది. తర్వాత జీపు వచ్చింది, డ్రైవర్ అప్పలసూరి వచ్చాడు, డీజిల్ రాలేదు. కుర్చీలు పన్నెండు వచ్చాయి, స్టెనో రాలేదు.

స్టెనో లేనిదే సాక్ష్యం లేదు. చేత్తో రాసుకున్న వాంగ్మూలం చెల్లదని ఆరో నిబంధన. స్టెనో జీతం ఏ శాఖ ఇవ్వాలో తేలక ఫైలు రెండు శాఖల మధ్య తిరుగుతూ ఉండిపోయింది.

మొదట్లో రేవు నుంచి జనం ఆటోలు కట్టించుకుని వచ్చేవారు. "రాసుకునే మనిషి లేడు, కబురు పెడతాం" అని గిరిబాబు గుమ్మంలోంచే పంపేసేవాడు. పంపగా పంపగా రావడం మానేశారు. కొందరు గుజరాత్ బోట్ల మీదికి వలసపోయారు. కొందరికి కాంట్రాక్టరు మనుషులు నచ్చజెప్పారు.

తుడిచే మనిషి కోసమూ ఇదే తంతు. గౌరి అనే ఆవిడని పంపుతామని ఏజెన్సీ వాళ్లు నెల్లాళ్లు తిప్పారు. చివరికో సోమవారం ఒకావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏదో చెప్పబోయింది. "ఆ కబుర్లు తర్వాత. ముందు ఈ చెత్త సంగతి చూడమ్మా" అని గిరిబాబు చీపురందించాడు.

ఆవిడ గురించి అతనికి తెలిసిందల్లా టీలో పంచదార తక్కువేస్తుందనే.

అప్పుడప్పుడూ అడిగేది. "రాసుకునే బాబు ఎప్పుడొస్తాడు బాబూ?"

"నీకెందుకు గౌరీ, అల్లుణ్ణి చేసుకుంటావా ఏటి?" అని అప్పలసూరి నవ్వేవాడు.

నాలుగుంబావుకి రాజాం నుంచి రెండు బస్సులు మారి స్టెనో వినోద్ దిగాడు.

"ఈ మధ్యాహ్నం చేరినట్టు రాసుకోండి సార్. రేపు పొద్దున్నే రిలీవ్ చెయ్యాలట. అదీ ఈ ఆర్డర్లోనే ఉంది."

ఛైర్మన్‌గారు కోటు తొడుక్కుని కూర్చున్నారు. వినోద్ కంప్యూటర్ తెరిచాడు. గౌరి బల్లని రెండోసారి తుడిచింది. అన్నీ అమరాయి. సాక్షే లేదు.

"ఒక్కరంటే ఒక్కరు చెప్పినా చాలు గిరిబాబూ," అన్నారు ఛైర్మన్‌గారు. "ఖాళీ నివేదిక మీద సంతకానికి చెయ్యి రావట్లేదు."

అప్పలసూరి గొంతు సవరించుకున్నాడు.

"ఆరోజు నాను రేవులోనే ఉన్నాను సార్. జెట్టీ ఒరిగిపోడం ఈ కళ్లతో సూశాను. నా సాచ్చికం రాసీండి."

"కుదరదురా," అన్నాడు గిరిబాబు. "కమిషన్ జీతం తినేవాడు కమిషన్ ముందు సాక్ష్యం చెప్పకూడదు. తొమ్మిదో నిబంధన."

"అయితే ఇప్పుడే ఉజ్జోగం మానీతాను."

"మానేసినా అంతే. ఒక్క రోజు పనిచేసినా ఇంక జన్మలో చెల్లదు."

"అటెండరుకీ, తుడిసీవోలికీ కూడా అంతేనా?"

"ఎవరికైనా అంతే. పుస్తకంలో తేడాల్లేవు."

టీ గ్లాసులు బల్ల మీద పెట్టిన గౌరి అక్కడే ఆగిపోయింది.

గడియారం ఐదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. గిరిబాబు చేతిలో కవరు విసిరికొట్టాడు.

"ఏడుగురి ప్రాణాలు ఒక్కదాని నోట్లో ఉన్నాయి. ఇన్నాళ్లుగా దానికోసం గుమ్మం తెరుచుకుని కూర్చున్నాం కదా, ఒక్కసారైనా ఇటు తొంగిచూసిందా? ఎక్కడికి పోయి చచ్చిందో ఈ దాలమ్మ!"

గౌరి అతని ముఖంలోకి సూటిగా చూసింది.

"దాలమ్మెక్కడికీ పోనేదు బాబూ, సాచ్చికం సెప్దామనొస్తే నా సేతికి సీపురిచ్చి గౌరీ అని పిలిసింది నువ్వే గదా."