ఇద్దరి మందు

"మొన్ననే గద తలకు పోసుకున్నవ్! మల్ల బయట కూసున్నవేందే?"

పత్తి ఏరడానికి బయలుదేరిన వెంకటమ్మ, నడుముకు సంచి కట్టుకుంటూ కోడలి మీద అరిచింది. అరుగు మీద ఉజ్వల మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. రక్తం కనిపిస్తే ఇల్లు ముట్టకూడదు. ఈ నెలలో ఇది ఎన్నోసారో ఆమె లెక్కపెట్టడం మానేసింది.

"పని దప్పించుకునే ఉపాయం మంచిగనే దొర్కింది."

"పొత్తికడుపుల నొప్పి లేస్తుందత్తమ్మా. తెల్లగ పోతుంది. వాసన గూడ..."

వెంకటమ్మ కట్టిన సంచి విప్పేసింది. చాయ్ గ్లాసు తెచ్చి, తాకకుండా కోడలి పక్కన పెట్టింది.

"దత్తూ! బండి తియ్యిరా. నీ పెండ్లాన్ని రాజురా దవాఖానకు తోల్కపో."

దత్తు ఆమెను దవాఖాన గేటు దగ్గర దింపి, "నేనీడనే ఉంట," అన్నాడు.

డాక్టరమ్మ మరాఠీలో అడిగినవాటికి ఉజ్వల తలూపింది. మూత్రంలో మంట ఉందా? ఉంది. మొగుడితో కలిసినప్పుడు నొప్పి, తర్వాత రక్తం? గోడ వైపు చూస్తూ ఊపింది. లోపల చూసే పరికరం చల్లగా ఉంటుందని డాక్టరమ్మ దాన్ని గోరువెచ్చని నీళ్ళలో ముంచి తీసింది. ఉజ్వలకు ఆ పూటకు ఆ మాత్రం దయ చాలనిపించింది.

"ఇది నెలసరి కాదు తాయీ. గర్భసంచి మూతి వాచింది. ప్రతిసారీ ముట్టనుకుని కూర్చుంటే లోపలికి పాకుతుంది. నమూనా పరీక్షకు పంపుతాను. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రకంలా ఉంది. మీ ఆయనా మందు వాడాలి. లేకపోతే నీకు మళ్ళీ వస్తుంది."

"ఆయనకేం లేదు మేడం."

"మగవాళ్ళకు పైకి తెలియకపోవచ్చు."

రెండు పొట్లాలిచ్చారు. గేటు దాకా నడిచినా ఏడుపు రాలేదు. ఎక్కడ అంటించుకున్నవే అంటాడు. ఊరంతా వింటుంది. సాయంత్రానికి బామ్నిలో అమ్మ వాకిట్లో దింపేస్తారు. అన్నీ ఎవరికో జరుగుతున్నట్టే ఉన్నాయి.

దత్తు బండి మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు. ఆమె ఒక పొట్లం చాపింది.

"నాకు అంటురోగమట. నువ్వు గూడ గోలీలు ఏస్కోవాల్నట."

దత్తు పొట్లం విప్పి గోలీల పేరు చూశాడు. మళ్ళీ మడిచి ఆమె చేతిలోనే పెట్టాడు.

"నాకెందుకు? నా గోలీల కోర్సు పోయిన నెల్లనే అయిపోయింది."